ఉపరితల మాస్ స్పెక్ట్రోమెట్రీకి ఏ అయనీకరణ పద్ధతి: జీడిపిక్క పొట్టు నుంచి బుడితి ఇత్తడి దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరిశోధన చేస్తున్న విద్యార్థులు తమ నమూనాలను ఉపరితల విశ్లేషణకు బయటి ప్రయోగశాలలకు పంపే ముందు తరచుగా నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మాస్టారూ, సిమ్స్‌కు పంపమంటారా, మాల్డీకి పంపమంటారా, లేక ఫెమ్టోసెకను లేజర్ ఉన్న చోటికే పంపమంటారా?" సిమ్స్, మాల్డీ ఉపరితలం మీది అణువులను లేపి తూచే పద్ధతుల పేర్లు, వాటి వివరం కింద ఉంది; ఫెమ్టోసెకను లేజర్ అంటే అత్యల్ప కాలపు వెలుగు మెరుపులు (పల్స్‌లు) ఇచ్చే లేజర్. ప్రశ్న ఇలా వచ్చినప్పుడు నేను పద్ధతి పేరు చెప్పను. మీకు కావలసిన అణువు ఏది, అది వేడికి ఎంతవరకు తట్టుకుంటుంది, దాని అయనీకరణ శక్తి (దాని నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి కావలసిన శక్తి) ఎంత, ఉపరితలం మీద ఎంత చిన్న చోటును విడిగా చూడాలనుకుంటున్నారు, ఈ నాలుగూ చెప్పమంటాను. వీటికి సమాధానాలు లేకుండా యంత్రాన్ని ఎంచుకుంటే, ఆ యంత్రం చూపించగలిగినదే మన ఫలితమవుతుంది తప్ప మన నమూనాలో ఉన్నది ఫలితం కాదు.

ఉపరితలం మీది అణువును తూచాలంటే రెండు పనులు జరగాలి. మొదటిది దానిని ఉపరితలం నుంచి పైకి లేపడం. రెండవది దానికి విద్యుదావేశం ఇచ్చి అయానుగా మార్చడం. ఆవేశం లేని అణువును మాస్ స్పెక్ట్రోమీటర్ (అయాన్లను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కించే యంత్రం) లాగలేదు, వేరు చేయలేదు, లెక్కించలేదు. చాలా పద్ధతుల్లో ఈ రెండు పనులూ ఒకే దెబ్బతో జరుగుతాయి. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. అతి స్వల్పకాలిక లేజర్లను ఈ రంగంలోకి తెచ్చినవారు ప్రధానంగా చేసింది ఈ రెండు పనులనూ విడదీయడమే. కాబట్టి ఎంపిక చేసేటప్పుడు మొదట తేల్చుకోవలసింది, నా నమూనాకు ఈ విడదీత నిజంగా అవసరమా కాదా అన్నదే. అవసరం లేని చోట ఫెమ్టోసెకను లేజర్ ఖర్చునూ, కాలయాపననూ పెంచుతుంది. అవసరమైన చోట దానికి బదులుగా పెట్టగలిగినవి చాలా తక్కువ.

ఒకే దెబ్బతో రెండు పనులూ చేసేవి

సిమ్స్‌లో బిస్మత్, సీజియం, ఆక్సిజన్ వంటి అయాన్ల కిరణంతో ఉపరితలాన్ని కొడతారు. ఆ తాకిడికి ఎగిరివచ్చే కణాల్లో అయాన్లుగా వచ్చేవి బహు కొద్ది. సేంద్రియ అణువుల విషయంలో అవి వెయ్యికి ఒకటి కంటే తక్కువ, చాలాసార్లు పదివేలకు ఒకటి కంటే కూడా తక్కువ. మిగిలినవన్నీ తటస్థంగా వచ్చి, కొలతకు అందకుండా పంపుల్లోకి పోతాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఎన్ని అయాన్లు వస్తాయన్నది చుట్టూ ఏ పదార్థం ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఒకే అణువు ఒకే మోతాదులో ఉన్నా, పక్కన ఉప్పు ఎక్కువగా ఉన్న చోట ఒక సంకేతం, కొవ్వు ఎక్కువగా ఉన్న చోట మరొక సంకేతం ఇస్తుంది. దీనినే మ్యాట్రిక్స్ ప్రభావం అంటారు. చిత్రంలో ప్రకాశవంతంగా కనిపించిన చోట అణువు ఎక్కువగా ఉందని చెప్పడానికి ఈ ప్రభావం అడ్డుపడుతుంది. అయినా సూక్ష్మతలో సిమ్స్‌కు సాటి రాగలిగిన పద్ధతి ఇక్కడ చెప్పేవాటిలో లేదు. మూలకాల కోసం ప్రత్యేకంగా తయారైన యంత్రాల్లో 50 నానోమీటర్ల దాకా విడదీసి చూడవచ్చు. అణువుల కోసం మాత్రం ఉపరితలం పాడవకుండా చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల నుంచి పది లక్షల కోట్ల అయాన్ల లోపే ఆపవలసి ఉంటుంది. ఆ హద్దు దాటితే మనం చూస్తున్నది మనమే విరగ్గొట్టిన ఉపరితలాన్ని.

మాల్డీ మార్గం వేరు. నమూనా మీద డీహెచ్‌బీ వంటి చిన్న సేంద్రియ ఆమ్లాన్ని పూతగా చల్లి, 337 లేదా 355 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌తో కొడితే, ఆ పూత వెలుగును పీల్చుకుని ఎగిరిపోతూ పెద్ద అణువులను విరగకుండా తనతోపాటు తీసుకువస్తుంది. ఈ పద్ధతిని కరాస్, హిల్లెన్‌కాంప్ 1980లలో రూపొందించారు. పెద్ద జీవాణువులను విరగకుండా అయాన్లుగా మార్చే మృదువైన పద్ధతులకే 2002లో కోయిచి తనకా, జాన్ ఫెన్ రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ప్రోటీన్లు, పెప్టైడ్లు, ఫాస్ఫోలిపిడ్లు కావాలనుకునేవారు నా మాట కోసం ఆగనక్కరలేదు, మాల్డీకి వెళ్ళవచ్చు. సాధారణంగా 10 నుంచి 50 మైక్రోమీటర్ల చుక్కతో చిత్రాలు తీస్తారు. అయితే ద్రవ్యరాశి 500 కంటే తక్కువగా ఉన్న అణువులు కావలసినవారికి ఫలితపు గ్రాఫులో (స్పెక్ట్రమ్‌లో) పూత తాలూకు శిఖరాలే అడ్డుగా నిలుస్తాయి. ప్రోటాన్‌ను సులువుగా అందుకోని అణువులు, ఉదాహరణకు కొలెస్ట్రాల్, మాల్డీలో బలహీనంగానే కనిపిస్తాయి. మన తీరప్రాంతపు వానాకాలపు తేమలో పూత స్ఫటికాలు ఒక రోజు ఒకలాగా, మరొక రోజు ఇంకొకలాగా ఏర్పడతాయి కాబట్టి, పూత వేసే గదిలోని తేమను రాసిపెట్టుకోవడం ఇక్కడివారికి మరీ అవసరం.

2004లో గ్రాహం కుక్స్ బృందం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ప్రవేశపెట్టిన డెసీకి శూన్యమూ అక్కరలేదు, పూతా అక్కరలేదు. ఆవేశం ఇచ్చిన ద్రావణి తుంపరను ఉపరితలం మీద చల్లితే, అది కరిగించుకోగలిగినదాన్ని అయాన్లుగా తీసుకువస్తుంది. చుక్క వెడల్పు 50 నుంచి 200 మైక్రోమీటర్లు. పైడిభీమవరంలోని మందుల కర్మాగారాల్లో తయారయ్యే మాత్ర పైపూతలో మందు సమంగా ఉందా లేదా అని చూడాలంటే నేను ఇంతకు మించి ఏదీ సూచించను.

విడదీసి చేసేవి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అయాన్ కిరణంతోనో, ఒక లేజర్‌తోనో అణువును పైకి లేపి, ఒక మైక్రోసెకను ఆగి, ఉపరితలానికి కొద్దిగా పైన, దానికి సమాంతరంగా మరొక లేజర్ కిరణాన్ని పంపి, తటస్థంగా ఎగురుతున్న అణువులను అక్కడ అయనీకరించడం పశ్చాత్ అయనీకరణ పద్ధతి. ఎగిరే అణువు వేగం సెకనుకు 500 మీటర్లు అనుకుంటే, మైక్రోసెకనులో అది అర మిల్లీమీటరు పైకి వస్తుంది. కిరణం అక్కడ వేచి ఉండాలి. అయనీకరణం ఉపరితలానికి దూరంగా జరుగుతోంది కాబట్టి మ్యాట్రిక్స్ ప్రభావం బాగా తగ్గుతుంది. వృథాగా పోయే తటస్థ అణువులు కొలతకు వస్తాయి. ఈ రెండు ప్రయోజనాల్లో మొదటిదే ముఖ్యమని నా అభిప్రాయం. సంకేతం పెరుగుతుందని చెప్పి ఈ పద్ధతిని అమ్మజూపేవారు ఉంటారు. పరిమాణాన్ని నమ్మకంగా చెప్పగలగడం దానికంటే విలువైనది.

అయితే రెండవ లేజర్ ఏది కావాలి? ఇక్కడ మూడు మార్గాలు ఉన్నాయి, వాటి మధ్య తేడా లోతుగా చూడవలసినది.

మొదటి మార్గం, ఒక్క ఫోటాన్‌తోనే పని ముగించడం. సేంద్రియ అణువుల అయనీకరణ శక్తి చాలావరకు 7 నుంచి 10 ఎలక్ట్రాన్ వోల్ట్ల మధ్య ఉంటుంది. ఆంత్రసీన్‌కు 7.4, నాఫ్తలీన్‌కు 8.1, ఫినాల్‌కు 8.5, బెంజీన్‌కు 9.2. ఫ్లోరిన్ లేజర్ 157 నానోమీటర్ల వెలుగు ఇస్తుంది. దాని ఫోటాన్ శక్తి 7.9. నియోడిమియం యాగ్ లేజర్ మూడవ హార్మోనిక్ (మూలకిరణానికి మూడింతల పౌనఃపున్యం ఉన్న వెలుగు) పౌనఃపున్యాన్ని జినాన్ వాయువులో మరొకసారి మూడింతలు చేస్తే వచ్చే 118 నానోమీటర్ల వెలుగులో ఫోటాన్ శక్తి 10.5. ఆ లెక్కన 157 నానోమీటర్ల కిరణం ఆంత్రసీన్‌ను అయనీకరిస్తుంది, ఫినాల్‌ను వదిలేస్తుంది. 118 నానోమీటర్ల కిరణం రెండింటినీ పట్టుకుంటుంది. నీటికి 12.6 కావాలి కాబట్టి రెండు కిరణాలూ నీటి ఆవిరిని ముట్టుకోవు, నేపథ్యం శుభ్రంగా ఉంటుంది. అణువుకు మిగిలే అదనపు శక్తి తక్కువ కనుక ముక్కలు కూడా తక్కువ. ఇంత చక్కని పద్ధతికి లోటు ఏమిటంటే, 118 నానోమీటర్ల వెలుగు చాలా కొద్దిగా పుడుతుంది, పైగా దానిని పుట్టించే సాధారణ యాగ్ లేజర్లు సెకనుకు పదిసార్లు మాత్రమే వెలుగుతాయి. ద్రవ్యరాశి వెయ్యి దాటిన అణువులకు ఇది అంతగా పనికిరాదు.

రెండవ మార్గం, 800 నానోమీటర్ల టైటానియం సఫైర్ లేజర్ నుంచి వచ్చే ఫెమ్టోసెకను పల్స్. సెకనును పది కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను; పల్స్ నిడివి 35 నుంచి 120 దాకా ఉంటుంది. ఇంత తక్కువ కాలంలోకి ఇంత శక్తిని కుదించి, ఆ లేజర్ తనను తాను కాల్చుకోకుండా చూసే ఉపాయాన్ని 1985లో డొనా స్ట్రిక్లాండ్, జెరార్ మూరూ చూపించారు. పల్స్‌ను ముందు సాగదీసి, పెంచి, తరువాత కుదించడమే ఆ ఉపాయం. దానికి 2018లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిలో సగం వారిద్దరికీ దక్కింది. 800 నానోమీటర్ల ఫోటాన్ శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్ట్లు మాత్రమే. అంటే ఆంత్రసీన్‌కు అయిదు, నాఫ్తలీన్‌కు ఆరు, బెంజీన్‌కు ఆరు ఫోటాన్లు ఒకేసారి అందాలి. మామూలు నానోసెకను లేజర్‌తో అంత మెట్లు ఎక్కబోతే, అణువు మధ్యలోనే ఆ శక్తిని కంపనాలుగా మార్చుకుని విరిగిపోతుంది. ఫెమ్టోసెకనులో అయితే అణువు కదలడానికి ముందే ఎలక్ట్రాన్ బయటపడుతుంది. చదరపు సెంటీమీటరుకు పది లక్షల కోట్ల నుంచి కోటి కోట్ల వాట్ల తీవ్రత దగ్గర ఏ అణువునైనా, అది ఏ రంగును పీల్చుకుంటుందన్న పట్టింపు లేకుండా, అయనీకరించగలగడం ఈ మార్గపు బలం.

బలమే బలహీనత కూడా. ఆవేశం పొందిన అణువు అదే పల్స్‌లో ఇంకా ఉంటుంది. దానికి 800 నానోమీటర్ల వెలుగును పీల్చుకునే గుణం ఉంటే వెంటనే మరికొంత శక్తిని మింగి ముక్కలవుతుంది. అందుకే స్పెక్ట్రమ్‌లో తల్లి అణువు చిన్నదిగా, ముక్కలు పెద్దవిగా కనిపించడం ఈ మార్గంలో సాధారణం. దీనికి విరుగుడుగా వచ్చినదే మూడవ మార్గం. అదే ఫెమ్టోసెకను పల్స్‌ను పారామెట్రిక్ ఆంప్లిఫయర్ (లేజర్ వెలుగు తరంగదైర్ఘ్యాన్ని మార్చే పరికరం) గుండా పంపి 1200 నుంచి 2000 నానోమీటర్ల పరారుణ ప్రాంతానికి తీసుకువెళతారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో నికొలస్ వినోగ్రాడ్ బృందం కార్బన్ అరవై (అరవై కార్బన్ పరమాణువుల బంతి లాంటి అణువు) అయాన్ కిరణంతో లేపిన అణువుల మీద ఈ దారిని పరిశీలించింది. తరంగదైర్ఘ్యం పెరిగితే ఫోటాన్లను ఒక్కొక్కటిగా మింగే బదులు, వెలుగు తాలూకు విద్యుత్ క్షేత్రం అణువు చుట్టూ ఉన్న అడ్డుగోడను వంచగా ఎలక్ట్రాన్ దాని గుండా జారిపోతుంది. ఈ రెండు తీరుల్లో ఏది నడుస్తోందో చెప్పే సంఖ్యను 1965లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త కెల్డిష్ ఇచ్చారు. అది 1 కంటే పెద్దదైతే ఫోటాన్లను మింగే తీరు, చిన్నదైతే జారిపోయే తీరు. అయనీకరణ శక్తి 8 ఎలక్ట్రాన్ వోల్ట్లు ఉన్న అణువుకు, కోటి కోట్ల వాట్ల దగ్గర, 800 నానోమీటర్లకు ఈ సంఖ్య 0.8 చుట్టూ, 2000 నానోమీటర్లకు 0.33 చుట్టూ వస్తుంది. తీవ్రత పదోవంతుకు తగ్గితే అవి 2.6కూ, 1కీ చేరతాయి. అంటే పొడవైన తరంగంతో తక్కువ తీవ్రతలోనూ జారిపోయే తీరుకు దగ్గరగా ఉండవచ్చు, ముక్కలూ తగ్గుతాయి.

మరి అందరూ మూడవ మార్గమే ఎందుకు పట్టరు? శక్తి సరిపోదు కనుక. 50 ఫెమ్టోసెకన్ల పల్స్‌ను 100 మైక్రోమీటర్ల వెడల్పుకు కేంద్రీకరించి కోటి కోట్ల వాట్ల తీవ్రత అందుకోవడానికి దాదాపు 0.2 మిల్లీజౌల్ కావాలి. ఎగిరే అణువుల మేఘం అంతకంటే వెడల్పుగా ఉంటుంది కాబట్టి కిరణాన్ని 300 మైక్రోమీటర్లకు విస్తరించాలనుకుంటే తొమ్మిది రెట్లు, అంటే 1.8 మిల్లీజౌల్ కావాలి. తరంగదైర్ఘ్యాన్ని మార్చే క్రమంలో 800 నానోమీటర్ల శక్తిలో కొంత భాగమే పరారుణంగా మిగులుతుంది. కనుక ముక్కలు తగ్గించుకోవడానికి మనం చెల్లించే మూల్యం, అయనీకరించగలిగే చోటు చిన్నదైపోవడం. అణువు సున్నితమైనది, మోతాదు దండిగా ఉన్నది అయితే పరారుణానికి వెళ్ళమంటాను; అణువు గట్టిది, మోతాదు తక్కువైనది అయితే 800 దగ్గరే ఉండమంటాను.

ముక్కలకు లేజర్‌నే నిందించడం కూడా సరి కాదని ఇక్కడ చెప్పాలి. అయాన్ తాకిడికి లేచిన అణువు అప్పటికే వేడెక్కి, కంపిస్తూ వస్తుంది. లేజర్ ఎంత మృదువుగా తాకినా అది విరగడానికి సిద్ధంగా ఉంటుంది. ఏకపరమాణు కిరణానికి బదులుగా వేల ఆర్గాన్ పరమాణువుల గుంపుతో కొడితే అణువులు చల్లగా లేస్తాయి. కాబట్టి రెండవ లేజర్ గురించి ఎన్ని ప్రశ్నలు అడుగుతామో, మొదటి దెబ్బ గురించి కూడా అన్ని అడగాలి.

మన నమూనాలకు ఏది నప్పుతుంది

ఉద్దానం జీడి గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే నేను ఈ విషయంలో పొరబడింది అక్కడే. పలాస చుట్టుపక్కల జీడిపిక్కలను కాల్చి, పెంకు తీసి, పొట్టు ఒలిచే పనిలో ఉన్న ఆడవాళ్ళ వేళ్ళు ఆ పెంకు నూనెకు ఎలా కమిలిపోతాయో ఈ ప్రాంతంలో పుట్టిన ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ నూనెలో ఉండేవి ప్రధానంగా అనకార్డిక్ ఆమ్లం, కార్డనాల్, కార్డాల్. ఒలిచిన పప్పు ఉపరితలం మీద ఈ నూనె ఎంత మిగులుతుందో, ఎక్కడ మిగులుతుందో చూడాలని ఒక విద్యార్థిని కొన్నేళ్ళ క్రితం నా దగ్గరకు వచ్చింది. నమూనాలను ఒక ప్రయోగశాలకు పంపాము. వచ్చిన స్పెక్ట్రమ్‌లో 298, 300, 302 దగ్గర శిఖరాలు ఉన్నాయి. అవి కార్డనాల్ ద్రవ్యరాశులు. పప్పు మీద కార్డనాల్ మాత్రమే మిగిలిందని రాశాము.

అది తప్పు. అనకార్డిక్ ఆమ్లం వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి కార్డనాల్‌గా మారుతుంది. ఆమ్లపు ద్రవ్యరాశి 342 నుంచి కార్బన్ డయాక్సైడ్‌ది 44 పోతే 298. 344 నుంచి పోతే 300. 346 నుంచి పోతే 302. కాల్చేటప్పుడు పెంకులోనే ఈ మార్పు కొంత జరుగుతుంది, అది నిజమే. కాని మా కొలతలోనూ అదే జరగవచ్చునని నేను ఆలోచించలేదు. పప్పును కాల్చిన పొయ్యి చేసిన మార్పేదో, మా పరికరం చేసిన మార్పేదో మాకు తెలియకుండా పోయింది. తరువాత అదే పప్పులను డెసీతో, రుణావేశ అయాన్ల వైపు నుంచి చూసినప్పుడు ఆమ్లపు శిఖరాలు స్పష్టంగా కనిపించాయి. అందువల్ల జీడి నూనె వంటి నమూనాకు నా సలహా ఇలా ఉంటుంది: మొదట డెసీతో అణువు ఏ రూపంలో ఉందో తేల్చుకోండి. ఆ తరువాత సూక్ష్మంగా, పొట్టు ముడతల్లో ఎక్కడ చిక్కుకుందో చూడవలసి వస్తే, ఆర్గాన్ గుంపు కిరణంతో లేపి, 118 నానోమీటర్ల ఒక్క ఫోటాన్‌తో అయనీకరించే చోటికి వెళ్ళండి. ఈ అణువులు ఫినాల్ జాతివి కనుక 157 నానోమీటర్లు వీటికి అనుమానమే. 800 నానోమీటర్ల ఫెమ్టోసెకను పల్స్ ఇక్కడ నేను చివరగా చూసే దారి, ఎందుకంటే మన ప్రశ్నంతా ఆ 44 ఎక్కడ పోయిందన్నదాని మీదే నిలబడి ఉంది. ఏ దారిలో వెళ్ళినా, శుద్ధమైన అనకార్డిక్ ఆమ్లాన్ని ఒక గాజుపలక మీద పూసి దాన్ని కూడా అదే రోజు, అదే అమరికలో కొలిపించండి. అందులో 298 ఎంత వస్తుందో అదే మీ పరికరం చేసే చెరుపు.

బుడితి ఇత్తడి దగ్గర లెక్క పూర్తిగా తిరగబడుతుంది. సారవకోట మండలంలోని బుడితిలో పోతపోసే పాత్రల లోహపు కూర్పును, పైన పట్టిన పొరల కూర్పును తెలుసుకోవాలనుకునేవారికి అణువులు అక్కరలేదు, మూలకాల నిష్పత్తి కావాలి. ఇత్తడిలో రాగి 2562 డిగ్రీల దగ్గర మరుగుతుంది, జింకు 907 దగ్గరే. నానోసెకను లేజర్ తాకినప్పుడు లోహం కరిగి, ఉడికి, జింకు ముందుగా ఆవిరై పోతుంది. అందువల్ల కొలతకు చేరిన ఆవిరిలో నిష్పత్తి, పాత్రలోని నిష్పత్తి ఒకటి కావు. ఫెమ్టోసెకను పల్స్ మాత్రం ఎలక్ట్రాన్లు తమ వేడిని లోహపు జాలకానికి అప్పగించడానికి పట్టే కొన్ని పికోసెకన్ల కంటే ముందే ముగిసిపోతుంది. లోహం కరిగే అవకాశం బాగా తగ్గుతుంది, లేచినది లోహపు కూర్పుకు దగ్గరగా ఉంటుంది, గుంట అంచులు శుభ్రంగా ఉంటాయి. కాబట్టి ఇత్తడికి, కంచుకు ఫెమ్టోసెకను లేజర్‌తో లేపి, ఐసీపీ (పదార్థాన్ని వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చే) మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపడమే నా మొదటి ఎంపిక. ఇక్కడ అతి స్వల్పకాలిక లేజర్ అయనీకరణానికి కాదు, లేపడానికి ఉపయోగపడుతోందన్నది గమనించాలి. జీడిలో నేను వద్దన్న లేజర్‌నే ఇత్తడిలో కావాలంటున్నాను. ఎందుకంటే అది చేసే పని మారింది.

కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్ ఉంటాయి. జిర్కాన్, మోనజైట్ గింజల వయసు కట్టాలనుకునేవారికి 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్, ఐసీపీ జంట చాలు. రాతి ఖనిజాలు లోహంలా వేడిని త్వరగా ప్రసరింపజేయవు కాబట్టి ఫెమ్టోసెకను ఇచ్చే అదనపు లాభం వీటిలో తక్కువ. గింజ లోపలి పొరలను ఒక్కొక్కటిగా, లోతు తక్కువ గుంటతో చూడాలంటే సిమ్స్ మేలు. మరొక్క మాట ఏమిటంటే, ద్రవ్యరాశి 176 దగ్గర హాఫ్నియం, ఇటర్బియం, లుటీషియం మూడూ ఒకచోటే పడతాయి. వీటిని వెలుగు సాయంతో విడదీయాలంటే ఒక్కొక్క మూలకానికి సరిపడే రంగుకు శ్రుతి చేసిన నానోసెకను లేజర్లు కావాలి. అన్నింటినీ ఒకేలా అయనీకరించే ఫెమ్టోసెకను పల్స్‌కు ఈ వివక్ష లేదు. ఇక చీపురుపల్లి, గరివిడి వైపు మాంగనీసు ఖనిజంలో ఎంత మాంగనీసు ఉందో తెలుసుకోవడానికి వీటిలో ఏదీ అక్కరలేదు. ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ ఆ పని చవకగా చేస్తుంది.

కిడ్నీ వ్యాధితో దశాబ్దాలుగా బాధపడుతున్న ఉద్దానం పల్లెల నుంచి వచ్చే కణజాలపు ముక్కల విషయంలో మనం మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ ముక్క మళ్ళీ దొరకదు. మైనంలో నిలవచేసిన ముక్కల్లో కొవ్వు పదార్థాలు ద్రావణుల్లో కొట్టుకుపోయి ఉంటాయి కాబట్టి, లిపిడ్లు చూడాలంటే చల్లబరిచి గడ్డకట్టించిన ముక్కలే కావాలి. లిపిడ్లకు మాల్డీ మొదటి ఎంపిక. కొలెస్ట్రాల్ వంటి, ప్రోటాన్ అందుకోని అణువులు ముఖ్యమైతే, మాల్డీలో లేచిన మేఘం మీద రెండవ లేజర్‌ను పంపే పద్ధతి ఉంది. 2015లో వెలుగులోకి వచ్చిన దీన్ని మాల్డీ రెండు అంటారు. ఎగిరిన అణువులను చల్లబరిచే వాయువులో ఈ పని జరుగుతుంది కాబట్టి ముక్కలు తక్కువ. రెండు పనులనూ విడదీయడం వల్ల వచ్చే లాభంలో చాలా భాగం, ఫెమ్టోసెకను లేజర్ లేకుండానే ఇందులో దక్కుతుంది. కాడ్మియం, సీసం వంటి లోహాలు కణజాలంలో ఎక్కడ చేరాయో చూడాలంటే లేజర్ ఐసీపీ దారి. అయితే చక్కెరలు, లిపిడ్లు పోగుపడిన ఒక్క కణం స్థాయిలో, మైక్రోమీటరు కంటే చిన్న చోట, పరిమాణాన్ని పోల్చి చెప్పవలసిన ప్రశ్న వస్తే అప్పుడు సిమ్స్‌కు ఫెమ్టోసెకను పశ్చాత్ అయనీకరణ జోడించిన యంత్రం కోసం వెతకడం సమంజసం. అటువంటి ప్రశ్న తరచుగా రాదు.

పొందూరు ఖద్దరు నూలు మీద మైనపు పొర ఎలా ఉందో, వాలుగ చేప దవడతో దువ్విన దూదిలో అది ఎంత మిగిలిందో చూడాలనుకునేవారికి మామూలు సిమ్స్ సరిపోతుంది. పొడవైన హైడ్రోకార్బన్ గొలుసులను ఫెమ్టోసెకను పల్స్ చిన్నచిన్న ముక్కలుగా చేసేస్తుంది కనుక అటు వెళ్ళవద్దు.

పంపే ముందు అడగవలసినవి

ప్రయోగశాలవారిని మొదట అడగవలసింది లేజర్ సెకనుకు ఎన్నిసార్లు వెలుగుతుందని. 256 చుక్కల పొడవు, 256 చుక్కల వెడల్పు ఉన్న చిత్రంలో 65,536 చుక్కలు ఉంటాయి. చుక్కకు వంద పల్స్‌లు అనుకుంటే, సెకనుకు వెయ్యిసార్లు వెలిగే టైటానియం సఫైర్ లేజర్‌కు దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది. సెకనుకు పదిసార్లు వెలిగే 118 నానోమీటర్ల అమరికకు ఏడున్నర రోజులు పడుతుంది. ఏడున్నర రోజులు నమూనాను శూన్యంలో కదలకుండా ఉంచలేము, కిరణాన్ని అంతకాలం స్థిరంగా ఉంచలేము. కాబట్టి ఒక్క ఫోటాన్ మార్గం ఎంచుకున్నవారు చిత్రం బదులు ఎంచుకున్న కొన్ని చుక్కల దగ్గర కొలతలతో సరిపెట్టుకోవాలి. ఇటీవల ఇటర్బియం లేజర్లు 1030 నానోమీటర్ల దగ్గర, కొన్ని వందల ఫెమ్టోసెకన్ల నిడివితో, సెకనుకు లక్షసార్లు వెలిగేంత వేగాన్ని అందుకున్నాయి. కొత్తగా యంత్రం కొనాలని ఆలోచిస్తున్న విశ్వవిద్యాలయ విభాగాలకు నేను టైటానియం సఫైర్ కంటే ముందు వీటిని చూడమంటాను. ఇవి నిర్వహణకు సులువు, గది ఉష్ణోగ్రత కొద్దిగా మారినా తట్టుకుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేని సంగతి గుర్తున్నవారికి, అద్దాల అమరికను ప్రతి అంతరాయం తరువాత మళ్ళీ సరిచేసుకోవలసిన యంత్రం ఈ ప్రాంతంలో ఎంత భారమో అర్థమవుతుంది. అంతవరకు హైదరాబాదు, చెన్నై, ముంబయి వంటి నగరాల్లోని పెద్ద సంస్థలతో కలిసి పనిచేయడమే మనకు సాధ్యమైన దారి.

రెండవది, నాలుగు స్పెక్ట్రమ్‌లు అడగండి: అయాన్ కిరణమూ లేజరూ రెండూ వెలిగించి ఒకటి, అయాన్ కిరణం మాత్రమే వెలిగించి ఒకటి, లేజర్ మాత్రమే వెలిగించి ఒకటి, రెండూ ఆపి ఒకటి. లేజర్ మాత్రమే ఉన్న స్పెక్ట్రమ్‌లో కనిపించేవి గదిలో మిగిలిన వాయువులు, పంపు నూనె ఆవిరి. ఫెమ్టోసెకను పల్స్ దేనినీ వదలదు కాబట్టి వాటిని కూడా మీ అణువులుగా చూపిస్తుంది. అయాన్ కిరణం మాత్రమే ఉన్న స్పెక్ట్రమ్ మామూలు సిమ్స్ ఫలితం. మొదటి దాని నుంచి మిగిలిన వాటిని తీసివేసిన తరువాత నిలిచేదే లేజర్ వల్ల మీరు పొందిన లాభం. ఈ నాలుగూ ఇవ్వడానికి ఒప్పుకోని చోట ఎంత మంచి యంత్రం ఉన్నా నేను నమూనా పంపను.

మూడవది, లేజర్ తీవ్రతను కనీసం అయిదు స్థాయిల్లో మార్చి కొలవమని కోరండి. తీవ్రత తగ్గుతున్న కొద్దీ ముక్కల శిఖరాలు తల్లి శిఖరం కంటే వేగంగా పడిపోతే, అవి లేజర్ చేసిన ముక్కలు. తీవ్రతతో సంబంధం లేకుండా అదే నిష్పత్తిలో ఉంటే, అవి లేచేటప్పుడే విరిగినవో, నమూనాలోనే ఉన్నవో అయి ఉంటాయి. అప్పుడు మార్చవలసింది రెండవ లేజర్‌ను కాదు, మొదటి దెబ్బను. ఆ జీడిపప్పు స్పెక్ట్రమ్‌ను మేము అంగీకరించే ముందు ఈ ఒక్క పరీక్షా చేయించి ఉంటే, శుద్ధ ఆమ్లపు పలకతో పోల్చి, 298 దగ్గర ఉన్నదానిలో ఎంత భాగం పలాస పొయ్యిది, ఎంత భాగం పరికరానిది అని ఆనాడే అడిగి ఉండేవాళ్ళం.